ఫుడ్ అలర్జీ ఉన్న పిల్లల్ని బెంగళూరు స్కూల్‌కి పంపేటప్పుడు: తల్లిదండ్రులకి పూర్తి మార్గదర్శి

ఇంటి నుంచి పంపే డబ్బా ఎంత జాగ్రత్తగా సర్దినా, పక్క బెంచీ పిల్లవాడు పంచే బర్త్‌డే చాక్లెట్ మీదా, సంక్రాంతికి క్లాసులో చేతులు మారే ఎళ్ళు-బెల్ల (నువ్వులు-బెల్లం) పొట్లం మీదా, బస్సులో ఎవరో ప్రేమగా చేతిలో పెట్టే బిస్కెట్ మీదా మన అదుపు ఉండదు. అందుకే చేయాల్సినవి రెండు పనులు. ఒకటి, పడని తిండి బిడ్డ నోటిదాకా రాకుండా చూడటం. రెండు, వచ్చేస్తే మొదటి ఐదు నిమిషాల్లో ఏం చేయాలో పక్కనున్న మనిషికి తెలిసేలా చూడటం. చాలా ఇళ్ళలో శక్తంతా మొదటిదాని మీదే ఖర్చవుతుంది. బెంగళూరులో మాత్రం రెండోదే ముందు సిద్ధం చేసుకోవాలి. మధ్యాహ్నం మారతహళ్ళి నుంచో సర్జాపూర్ రోడ్డు నుంచో ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో ఇక్కడ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ప్రాణం నిలిపే మొదటి ఇంజెక్షన్ స్కూల్లోనే పడాలి.

ముందు అలర్జీ దేనికో కచ్చితంగా తేల్చుకోండి

స్కూల్‌కి ఇచ్చే జాబితా ఎంత చిన్నదైతే అంత బాగా గుర్తుంటుంది. రక్తపరీక్షలో ముప్పై పదార్థాల ప్యానెల్ చేయించి, అందులో పాజిటివ్ వచ్చినవన్నీ రాసి ఇస్తే టీచర్ ఏదీ గుర్తుపెట్టుకోలేరు. స్కిన్ ప్రిక్ టెస్ట్ (చర్మం మీద గుచ్చి చూసే పరీక్ష) గానీ ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) రక్తపరీక్ష గానీ పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. తిన్నప్పుడు ఏం జరిగింది, ఎంతసేపట్లో జరిగింది అన్నదానితో కలిపి చూసి అలర్జీ డాక్టర్ తేల్చాలి. అవసరమైతే ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఐజీజీ అనే వేరే యాంటీబాడీని కొలిచే పరీక్షల రిపోర్టులు అలర్జీని చెప్పవు, వాటి కోసం డబ్బు పెట్టకండి.

వంకాయ తింటే నోరు దురద పెట్టడం, పాలు తాగితే గ్యాస్ రావడం లాంటివి కూడా అదే కాగితంలో చేర్చకండి. పాలు అరగకపోవడం వేరు, పాలకి అలర్జీ వేరు. మొదటిదానితో కడుపు నొస్తుంది, రెండోదానితో ఊపిరి ఆగిపోవచ్చు. రెండూ ఒకే కాగితంలో కనిపిస్తే చదివేవాళ్ళు రెండింటినీ తేలిగ్గా తీసుకుంటారు.

డాక్టర్‌ని ఈ ప్రశ్నలు కూడా అడగండి. గుడ్డు అలర్జీ ఉన్న బిడ్డ బాగా కాలిన కేకులోని గుడ్డు తట్టుకోగలదా? జీడిపప్పు పడకపోతే పిస్తా కూడా మానాలా? (ఆ రెండూ ఒకే కుటుంబపు గింజలు, చాలామందికి కలిసే పడవు.) ఆస్తమా ఉంటే అది అదుపులో ఉందా? ఈ చివరి ప్రశ్నని వదలకండి. ఆస్తమా అదుపులో లేని పిల్లల్లో తిండి అలర్జీ ఎక్కువ ప్రమాదకరంగా మారుతుంది.

కిట్‌లో ఏముండాలి

ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్. ప్యాకెట్ మీద ఎపినెఫ్రిన్ అని కూడా ఉంటుంది. సెటిరిజిన్ లాంటి అలర్జీ మందులు దద్దుర్లనీ దురదనీ తగ్గిస్తాయి గానీ మూసుకుపోతున్న గొంతుని తెరవలేవు, పడిపోతున్న బీపీని నిలబెట్టలేవు. ‘ముందు సిరప్ పోసి చూద్దాం’ అనుకుంటూ గడిపే పది నిమిషాలే చాలాచోట్ల కొంప ముంచేది.

పెన్ను ఆకారంలో ఉండే ఆటో ఇంజెక్టర్లు మన దగ్గర సులువుగా దొరకవు, ఖరీదూ ఎక్కువే. సంపాదించగలిగితే అదే మంచిది, ఎందుకంటే అందులో మోతాదు కొలవాల్సిన పని లేదు. లేదంటే మందుల షాపుల్లో దొరికే 1 మి.లీ. ఆంప్యూల్ (మందు నింపి మూసేసిన చిన్న గాజు బుడ్డి) దారి పట్టాలి. దాని మీద 1 మి.లీ.కి 1 మి.గ్రా. అని ఉండాలి. మోతాదు బరువుని బట్టి కిలోకి 0.01 మి.గ్రా. అంటే 15 కిలోల బిడ్డకి 0.15 మి.లీ., 20 కిలోలకి 0.2 మి.లీ., 30 కిలోలకి 0.3 మి.లీ. చిన్నపిల్లలకి ఒక విడతలో 0.3 మించరు. మీ బిడ్డ అంకెని డాక్టర్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, సొంతంగా లెక్క కట్టి స్కూల్‌కి ఇవ్వకండి.

ఆంప్యూల్‌తో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: వణికే చేతులతో గాజు మెడ విరిచి మందు లాగడానికి అలవాటు లేనివాళ్ళకి ఒకటి రెండు నిమిషాలు పోతాయి. కంగారులో 0.2 బదులు ఆంప్యూల్ మొత్తం లాగేస్తారు. ఇన్సులిన్ సిరంజి వాడితే సూది పొట్టిది కాబట్టి మందు కండరందాకా చేరకపోవచ్చు. అందుకని 1 మి.లీ. సిరంజి, డాక్టర్ చెప్పిన పొడవు సూది కొని, మోతాదు గీత దగ్గర సన్నని రంగు టేపు చుట్టండి. టేపు దాటి లాగకూడదని స్కూల్లో అందరికీ చూపించండి. కొందరు డాక్టర్లు మందు ముందే నింపిన సిరంజి ఇస్తారు. అది త్వరగా అందుతుంది కానీ ఎక్కువకాలం నిలవదు. డాక్టర్ చెప్పిన గడువు తేదీ సిరంజి మీదే రాసి, వెలుతురు తగలని గట్టి పెట్టెలో ఉంచండి.

ఒక్కో కిట్‌లో: రెండు డోసులు, డాక్టర్ రాసిన ప్లాన్ కాగితం, ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం), దద్దుర్ల మందు. ఇలాంటి కిట్లు రెండు కావాలి. ఒకటి స్కూల్లో ఉండాలి, రెండోది బిడ్డతోపాటు బస్సులో, డేకేర్‌లో తిరగాలి. స్కూల్ కిట్ తాళం వేసిన బీరువాలో ఉండకూడదు. తాళం ఉన్న మేడమ్ ఆ రోజు సెలవులో ఉంటే ఇక ఆ కిట్ లేనట్టే. 25 డిగ్రీలు దాటని చోట, కిటికీకి దూరంగా ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఏప్రిల్ ఎండలో ఆగి ఉన్న వ్యాన్‌లో వదలకూడదు. మందు గోధుమ రంగుకో గులాబీ రంగుకో తిరిగినా, అడుగున ఏదైనా పేరుకున్నా పారేసి కొత్తది పెట్టండి.

స్కూల్‌తో మాట్లాడటం

జూన్‌లో క్లాసులు మొదలవకముందే వెళ్ళండి. మొదటి వారంలో టీచర్‌కి నలభై మంది తల్లిదండ్రులు ఎదురుగా ఉంటారు, అప్పుడు చెబితే గాలికిపోతుంది. ప్రిన్సిపల్, క్లాస్ టీచర్, మెడికల్ రూమ్ నర్స్, పీటీ సార్, ట్రాన్స్‌పోర్ట్ చూసేవాళ్ళు, వీళ్ళందరినీ ఒకేచోట కూర్చోబెట్టమని అడగండి. అరగంట చాలు.

మీతో తీసుకెళ్ళాల్సినవి మూడు కాగితాలు. మొదటిది ఒక్క పేజీ ప్లాన్: బిడ్డ ఫోటో, బరువు, పడని పదార్థాల పేర్లు, ఏ లక్షణానికి ఏం చేయాలో, మోతాదు, ముగ్గురి ఫోన్ నంబర్లు. రెండోది డాక్టర్ సంతకంతో ఇంజెక్షన్ ఇవ్వమనే ఆదేశం. మూడోది మీరు సంతకం చేసిన అనుమతి పత్రం.

‘మేం ఇంజెక్షన్ ఇవ్వం, అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాం’ అనే స్కూళ్ళు ఉన్నాయి. వాళ్ళ భయం అర్థం చేసుకోదగినదే, పోట్లాడితే పని జరగదు. భయం దేని గురించో విడదీసి మాట్లాడండి. అనుమతి గురించైతే కాగితాలు ఉన్నాయి. హాని గురించైతే, సరైన మోతాదులో తొడకి ఇచ్చిన అడ్రినలిన్ వల్ల బిడ్డకి కాసేపు గుండె దడ, చేతుల వణుకు, తలనొప్పి రావచ్చు, అవి కాసేపటికే తగ్గిపోతాయి. ఇవ్వకపోతే జరిగేది వెనక్కి తీసుకోలేం. ఈ మాట మీ డాక్టర్ ఫోన్‌లో చెబితే ఇంకా బాగా వింటారు. కనీసం ముగ్గురికి శిక్షణ ఇప్పించండి, నర్స్ ఒక్కరు సరిపోరు. సూది లేని సిరంజితో ప్రతి ఒక్కరూ చేసి చూడాలి, చూస్తే రాదు. ఎన్ని మాటలు ఇచ్చినా శిక్షణకి ఒప్పుకోని స్కూల్ అయితే, వేరే స్కూల్ వెతకడమే మేలని మా గట్టి అభిప్రాయం.

స్కూల్ మొత్తంలో పల్లీలు నిషేధించమని అడగాలా? అడగకపోవడమే మంచిది. వందల డబ్బాల్లో ఏముందో ఎవరూ చూడలేరు, పైగా ‘మా స్కూల్లో పల్లీలు లేవు’ అనే ధీమాతో కిట్‌ని మర్చిపోతారు. తినేటప్పుడు డబ్బాలు పంచుకోకూడదు, తిన్నాక సబ్బుతో చేతులు కడగాలి, ఈ రెండు నియమాలు అందరికీ పెట్టమనండి. శానిటైజర్ పల్లీ ప్రోటీన్‌ని వదిలించదు, సబ్బూ నీళ్ళే కావాలి.

లక్షణాలు ఎలా ఉంటాయి, ఏ వరసలో ఏం చేయాలి

చిన్నపిల్లలు ‘నాకు అలర్జీ వస్తోంది’ అనరు. ‘నాలుక మంటగా ఉంది’, ‘గొంతులో ఏదో ఉంది’ అంటారు. పళ్ళతో నాలుక గోక్కుంటారు. మాటిమాటికీ గొంతు సవరించుకుంటారు. గొంతు బొంగురుపోతుంది. ఆడుకుంటున్నవాళ్ళు ఉన్నట్టుండి మూల కూర్చుని నీరసంగా తలవాలుస్తారు. పెదవులూ కళ్ళూ వాయడం, ఒంటి నిండా దద్దుర్లు రావడం అందరికీ తెలిసిన గుర్తులే, కానీ అసలు దద్దుర్లే లేకుండా కూడా తీవ్రమైన అలర్జీ రావచ్చు. టీచర్లకి ఈ సంగతి విడిగా చెప్పాలి.

నోటి చుట్టూ నాలుగు దద్దుర్లు మాత్రమే వచ్చి బిడ్డ హుషారుగా ఉంటే దద్దుర్ల మందు ఇచ్చి, పక్కనే ఒక పెద్దమనిషిని ఉంచి, ఇంటికి ఫోన్ చేయాలి. ఊపిరి కష్టం, పిల్లికూతలు, దగ్గు ఆగకపోవడం, గొంతు మారడం, నాలుక వాపు, కళ్ళు తిరగడం, సొమ్మసిల్లడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అడ్రినలిన్ ఇవ్వాలి. దద్దుర్లతోపాటు వాంతులు అవుతున్నా ఇవ్వాలి. అనుమానంగా ఉన్నా ఇవ్వాలి.

1. బిడ్డని ఉన్నచోటే పడుకోబెట్టి కాళ్ళ కింద బ్యాగ్ పెట్టి ఎత్తాలి. ఊపిరి అందకపోతే కూర్చోబెట్టవచ్చు. వాంతి అవుతుంటే పక్కకి తిప్పాలి. మెడికల్ రూమ్‌కి నడిపించకూడదు, మెట్లు అసలే ఎక్కించకూడదు. కిట్టే బిడ్డ దగ్గరికి రావాలి. నిలబెట్టినప్పుడు, నడిపించినప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

2. ఒకరు కాలు కదలకుండా గట్టిగా పట్టుకోవాలి. తొడ బయటి వైపు మధ్యభాగంలో సూది నిటారుగా దింపి మందు ఎక్కించాలి. యూనిఫాం మీద నుంచైనా ఇవ్వవచ్చు, జేబులో ఏమైనా ఉంటే తీసేయాలి. చేతికి, పిరుదుకి, నరానికి వద్దు. టైమ్ రాసుకోవాలి.

3. ఇంకొకరు 108కో 112కో ఫోన్ చేసి ‘తీవ్రమైన అలర్జీ, చిన్నపిల్ల, ఊపిరి కష్టంగా ఉంది’ అని చెప్పాలి. ఏ క్రాస్, ఏ మెయిన్, దగ్గర్లో ఏ గుర్తు, ఏ గేటు, ఇవి ప్లాన్ కాగితం మీద ముందే రాసి ఉండాలి. వాచ్‌మన్ గేటు తీసి రోడ్డు మీద నిలబడాలి.

4. ఐదు నిమిషాల్లో తెరిపిన పడకపోతే రెండో డోసు.

5. పిల్లికూతలు ఉంటే అడ్రినలిన్ తర్వాతే ఇన్‌హేలర్. మజ్జిగ, ఉప్పునీళ్ళు, నిమ్మరసం, ఏదీ నోట్లో పోయకూడదు. వాంతి చేయించకూడదు.

6. పూర్తిగా కోలుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు కాబట్టి అక్కడే గమనికలో ఉంచుతారు.

తల్లిదండ్రులు వచ్చేదాకా ఆగడం అనేది ఈ వరసలో ఎక్కడా లేదు. ఈ విషయం స్కూల్‌కి ముందే నోటితో, రాతతో చెప్పి ఉంచండి: ‘మాకు ఫోన్ కలవకపోయినా ఇంజెక్షన్ ఇవ్వండి.’

తిండిలో ఎక్కడ దాక్కుంటుంది

బెంగళూరు స్కూల్ క్యాంటీన్లలో చిత్రాన్నం, పులియోగరె (చింతపండు పులిహోర) వారంలో ఎప్పుడో ఒకసారి ఉండనే ఉంటాయి. రెండింట్లోనూ పల్లీలు పడతాయి, పులియోగరెలో నువ్వులు కూడా. ‘పల్లీలు ఏరేసి పెట్టాం’ అని సహాయం చేసే ఆయమ్మ చెబితే ఆ అన్నం తినకూడదు. పల్లీలు వేగిన నూనే పోపుగా అన్నమంతా పట్టుకుని ఉంటుంది. ఇంకో చిక్కు గరిట. చిత్రాన్నం గిన్నెలోంచి తీసిన గరిటనే పెరుగన్నం గిన్నెలో ముంచుతారు. బిడ్డ తినేది పెరుగన్నమే అయినా ప్రమాదం వచ్చిపడుతుంది. క్యాంటీన్ తిండి తప్పనిసరైతే మీ బిడ్డకి అందరికంటే ముందు, విడి గరిటతో వడ్డించమని అడగండి.

నిప్పట్టులో (మన చెక్కల్లాంటివి) పల్లీలు ఉంటాయి. దోసె పక్కన చట్నీలో, కారప్పొడిలో ఉండొచ్చు. కుర్మా చిక్కదనానికి జీడిపప్పు ముద్ద, అది ఖరీదనుకున్నచోట పల్లీ ముద్ద వేస్తారు. ఖారాబాత్, బిసిబేళెబాత్, పొంగల్‌లో జీడిపప్పు. నూనె గురించి అడగడం మర్చిపోకండి. రిఫైన్డ్ పల్లీ నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు. గానుగ నూనెలో ఉంటుంది, ఇప్పుడు ఇళ్ళలోనూ క్యాటరింగ్ వాళ్ళ దగ్గరా అదే ఎక్కువైంది. గోధుమ పడని పిల్లలకి ఇంగువ చూసుకోవాలి, పొడి ఇంగువలో మైదాయో గోధుమపిండో కలుపుతారు. సాంబారు తాకకూడనిదవుతుందని ఎవరూ ఊహించరు.

వంటవాళ్ళకీ ఆయాలకీ పేర్లు కన్నడలో చెప్పకపోతే పొరపాటు జరుగుతుంది. పల్లీలని బెంగళూరు వైపు కడలెకాయి, కడలెబీజ అంటారు, ఉత్తర కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళు శేంగా అంటారు. ఆ శేంగా మన చెవికి శనగల్లా వినిపిస్తుంది. ఉత్త ‘కడలె’ అంటే వాళ్ళకి శనగలే. కార్డు మీద పదార్థం బొమ్మ కూడా వేయించి, కన్నడలో ఇలా రాయించండి: ‘ఈ మగువిగె కడలెకాయి, శేంగా కొడబేడి’ (ఈ బిడ్డకి పల్లీలు ఇవ్వకండి). నువ్వులకి ఎళ్ళు, జీడిపప్పుకి గోడంబి, గుడ్డుకి మొట్టె, పాలకి హాలు, నెయ్యికి తుప్ప.

ప్యాకెట్ తిండికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) 2020 లేబుల్ నిబంధనలు వర్తిస్తాయి. గ్లూటెన్ (గోధుమ లాంటివాటిలోని ప్రోటీన్) ఉన్న ధాన్యాలు, రొయ్యలూ పీతల జాతి, పాలు, గుడ్డు, చేప, పల్లీలూ చెట్టుగింజలూ (జీడిపప్పు, బాదం లాంటివి), సోయా, ఒక మోతాదు దాటిన సల్ఫైట్లు (నిలవ కోసం వేసేవి) ఉంటే విడిగా ప్రకటించాలి. నువ్వులు, ఆవాలు ఆ జాబితాలో లేవు. అవి పడని బిడ్డకి పదార్థాల వరస మొత్తం చదవాల్సిందే, అందులో ‘మసాలాలు’ అని మాత్రమే ఉంటే పక్కన పెట్టేయాలి. పచ్చ చుక్క ఉంటే గుడ్డు వేయలేదని అర్థం, పాలు లేవని కాదు. బాగా తెలిసిన బ్రాండైనా ప్రతిసారీ చదవండి, తయారీ మారుతుంది. విడిగా తూచి అమ్మే బేకరీ సరుకుకి లేబులే ఉండదు. అయ్యంగార్ బేకరీల్లో మామూలుగా గుడ్డు వాడరు, కానీ అదే గల్లా మీద కాంగ్రెస్ కడలెకాయి (మసాలా పల్లీలు) కూడా ఉంటుంది, అదే చేత్తో బన్ను ఇస్తారు.

ప్రభుత్వ స్కూళ్ళలో చదివే పిల్లలకి క్షీరభాగ్య అనే కర్ణాటక ప్రభుత్వ పథకం కింద పాలు, కొన్ని రోజులు అందులో కలిపిన రాగి మాల్ట్, మధ్యాహ్న భోజనంతో గుడ్డు అందుతాయి. పాలు, గుడ్డు పడని బిడ్డ ఉంటే హెడ్‌మాస్టర్‌కీ వంటమ్మకీ ఇద్దరికీ చెప్పండి. ‘కొంచెం తాగితే ఏం కాదులే’ అని ఆప్యాయంగా బలవంతం చేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

తిండి వేళ కానప్పుడు

ప్రీస్కూల్లో ఆడుకునే మెత్తటి పిండిముద్దల్లో చాలావాటికి గోధుమపిండే ఆధారం. గుడ్డు పెంకుల బొమ్మలు, గుడ్డు ట్రేలు, పప్పుగింజలు అతికించే చార్టులు కూడా చూసుకోవాలి. టీచర్‌కి ఏడాది యాక్టివిటీల జాబితా ముందే అడిగితే ప్రత్యామ్నాయం మీరే పంపవచ్చు.

పండగల క్యాలెండర్ గోడకి పెట్టుకోండి. సంక్రాంతికి ఎళ్ళు-బెల్ల: నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి, బెల్లం, పుట్నాలు కలిపి ఉంటాయి, పిల్లలు ఒకరికొకరు పంచుకుంటారు. పల్లీ, నువ్వుల అలర్జీ ఉన్న బిడ్డకి ఏడాదిలో అంత జాగ్రత్తపడాల్సిన రోజు మరొకటి లేదు. కార్తీకం చివరి సోమవారం ముందూ వెనకా బసవనగుడి కడలెకాయి పరిషె (పల్లీల జాతర) జరుగుతుంది, ఆ రోజుల్లో అందరి డబ్బాల్లోనూ ఉడికించిన పల్లీలే. వినాయకచవితి ప్రసాదం, ఆగస్టు 15 లడ్డూ, నవంబరు 14 చాక్లెట్లు కూడా రాసుకోండి. ప్రసాదం అనగానే వద్దనడానికి పెద్దవాళ్ళే మొహమాటపడతారు. కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేయమని బిడ్డకి నేర్పండి.

బర్త్‌డేల కోసం టీచర్ అల్మారాలో బిడ్డ పేరుతో ఒక డబ్బా ఉంచి, మీరు చదివి ఎంచిన మిఠాయిలు, గడువు తేదీతో సహా నింపి ఉంచండి. అందరూ తింటుంటే చేతులు కట్టుకుని కూర్చునే బిడ్డ ఎప్పుడో ఒకరోజు రహస్యంగా తినేస్తుంది. లంచ్‌లో విడి బల్ల కూడా వద్దు. పల్లీ వాసన పీల్చినందుకు మామూలుగా తీవ్ర అలర్జీ రాదు. బెంచీ చివర, డబ్బాలు పంచుకోని స్నేహితుల పక్కన కూర్చుంటే చాలు.

బస్సులో తినకూడదనే నియమం అందరికీ ఒకటే పెట్టించండి. గంటన్నర ప్రయాణంలో పిల్లలకి ఆకలేస్తుంది, అందుకని దిగగానే తినడానికి ఏదో ఒకటి బ్యాగులో పెట్టండి. అటెండర్‌కి కిట్ ఎక్కడుందో చూపించి, కన్నడ కార్డు ఇవ్వండి. బన్నేరుఘట్ట జూకో విశ్వేశ్వరయ్య మ్యూజియంకో తీసుకెళ్ళినప్పుడు కిట్ సామాన్ల బస్సులో కాకుండా బిడ్డ గుంపుని నడిపించే టీచర్ భుజానికే ఉండాలి.

బిడ్డకి నేర్పాల్సినవి

నాలుగేళ్ళ బిడ్డకి ఒక్క నియమం చాలు: అమ్మానాన్నలు పంపింది, టీచర్ డబ్బాలోది తప్ప ఇంకేదీ తినను. ఏడేళ్ళకి పడని పదార్థాన్ని గుర్తుపట్టడం, ‘బేడ, ననగె అలర్జి ఇదె’ (వద్దు, నాకు అలర్జీ ఉంది) అని కన్నడలో చెప్పడం, ఒంట్లో బాగాలేకపోతే బాత్రూమ్‌కి ఒంటరిగా వెళ్ళకుండా టీచర్ దగ్గరికే వెళ్ళడం. పది దాటాక తన కిట్ తనే మోయడం, లేబుల్ చదవడం. టీనేజీలో దాచుకోవాలనిపిస్తుంది కాబట్టి ఇద్దరు స్నేహితులకైనా కిట్ సంగతి తెలిసి ఉండాలి. ఆటపట్టించడానికి పల్లీ మీదకి విసిరినా, డబ్బాలో కలిపినా అది అల్లరి కాదు, ప్రాణాపాయం. అదే రోజు ప్రిన్సిపల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.

ప్రతి మూడు నెలలకి కిట్ తెరిచి గడువులు చూడండి. ప్రతి జూన్‌లో బరువు తూచి మోతాదు మళ్ళీ రాయించండి, టేపు జరపండి. క్లాస్ టీచర్ మారితే శిక్షణ మొదటి నుంచి మళ్ళీ ఇప్పించాలి. ఎప్పుడైనా రియాక్షన్ వస్తే, బిడ్డ తిరిగి స్కూల్‌కి వెళ్ళేలోపు కొత్త డోసులు కిట్‌లో చేరాలి. అదే వారంలో స్కూల్ వాళ్ళతో కూర్చుని, ఏ తిండి, ఎవరి చేతి నుంచి, ఎన్ని నిమిషాల్లో ఇంజెక్షన్ పడింది అన్న మూడు సంగతులూ రాసుకుని, ఆలస్యమైనచోట ఎవరు ఏం మార్చాలో పేరుతో సహా ప్లాన్ కాగితంలో చేర్చండి.